పరాయి హాస్టల్లో మొదటి నలభై రోజులు

నాకు పద్నాలుగేళ్ళప్పుడు ఒక మెస్సులో పళ్ళెం పట్టుకుని నిలబడి "చాలు, చాలు" అన్నాను. వడ్డించే ఆయన నవ్వి ఇంకో గరిటె పప్పు పోశాడు. నేను మళ్ళీ "చాలు" అన్నాను. ఆయన మళ్ళీ పోశాడు. రొట్టెలు పప్పులో మునిగిపోయాయి. వెనక లైన్లో పిల్లలు పగలబడి నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. హిందీలో ‘చాలూ’ అంటే నడుస్తూ ఉండనీ అని అర్థమట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. నేను ఆపమంటున్నాను, ఆయనకేమో "కానీ, కానీ" అని వినిపిస్తోంది.

ఆ మెస్సు మధ్యప్రదేశ్‌లో, బుందేల్‌ఖండ్ ప్రాంతంలో ఉన్న ఒక నవోదయ విద్యాలయంలోది. అది 2019 జులై. మా చిక్కబళ్ళాపురం జిల్లా నవోదయ నుంచి తొమ్మిదో తరగతి చదవడానికి ఏడాది పాటు అక్కడికి వెళ్ళాను. ఈ సంగతి మన క్లాసులో చాలామందికి తెలియదు. ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న మన హాస్టల్లో ఫస్టియర్ చెల్లెలు ఒకామె వచ్చిన మూడో రోజే పెట్టె సర్దుకుని మంచం మీద కూర్చుంది. అందరం చుట్టూ చేరి "అలవాటైపోతుందిలే" అన్నాం. నాకు కూడా అప్పట్లో అందరూ అదే మాట చెప్పారు. అలవాటు కావడం అంటే ఏమిటో, అది ఎట్లా అవుతుందో మాత్రం ఎవ్వరూ చెప్పలేదు. నాకు తెలిసినంత వరకు అది ఇక్కడ రాస్తాను.

మైగ్రేషన్ అంటే ఏమిటి

నవోదయ విద్యాలయాలు 1985-86లో రెండు స్కూళ్ళతో మొదలయ్యాయి. ఒకటి హర్యానాలోని ఝజ్జర్‌లో, ఒకటి మహారాష్ట్రలోని అమరావతిలో. అప్పుడు కేంద్రంలో విద్యాశాఖను చూసే మానవ వనరుల మంత్రి మన పి.వి. నరసింహారావు గారు. అంతకు ముందే, 1971లో, నల్గొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల మొదలవడానికి ఆయనే కారణం. పల్లెటూరి పిల్లల్ని ఒకచోట ఉంచి, తిండి పెట్టి, మంచి చదువు చెప్పించాలన్న ఆలోచన అక్కడ మొలిచి ఢిల్లీ దాకా వెళ్ళిందన్నమాట. ఇప్పుడు దేశంలో 650కి పైగా నవోదయలు ఉన్నాయి. తమిళనాడులో తప్ప దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఐదో తరగతిలో ఉండగా పరీక్ష రాస్తే ఆరో తరగతిలో సీటు వస్తుంది. సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకే. మూడో వంతు ఆడపిల్లలకు.

ఈ స్కూళ్ళలో ఒక ప్రత్యేకమైన పద్ధతి ఉంది. తొమ్మిదో తరగతిలో 30 శాతం మంది పిల్లలు ఒక విద్యా సంవత్సరం పాటు వేరే భాష రాష్ట్రంలో ఉన్న నవోదయకు వెళ్ళాలి. హిందీ రాష్ట్రాల పిల్లలు హిందీ కాని రాష్ట్రాలకు, అక్కడివాళ్ళు ఇక్కడికి. తరగతిలో 80 మంది ఉంటే లెక్కకు 24 మంది. దీన్నే మైగ్రేషన్ అంటారు. మేం వెళ్ళిన మంచాలు ఖాళీగా ఉండవు, అక్కడి పిల్లలు వచ్చి వాటి మీద పడుకుంటారు. ఒకరి ఊరి గురించి ఇంకొకరికి తెలియాలని, దేశం అంటే పటంలో రంగులు మాత్రమే కాదని తెలియాలని దీని ఉద్దేశం.

దేశాల మధ్య కూడా ఇలాంటివి ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల్ని మోయడానికి 1915లో అమెరికా వాలంటీర్లు ఒక అంబులెన్స్ దళం పెట్టారు, పేరు ఏ.ఎఫ్.ఎస్. రెండో యుద్ధం కూడా చూశాక వాళ్ళు, గాయపడ్డాక మోయడం కన్నా పిల్లలు చిన్నప్పుడే ఒకరింట్లో ఒకరు ఉంటే మేలనుకుని 1947 నుంచి స్కూలు పిల్లల్ని దేశాలు మార్చడం మొదలుపెట్టారు. అమెరికా ప్రభుత్వం 2002లో పెట్టిన కెనెడీ-లూగర్ కార్యక్రమం కింద తెలంగాణ గురుకులాల పిల్లలు కూడా అక్కడి కుటుంబాల ఇళ్ళలో ఉండి, అక్కడి హైస్కూల్లో ఒక ఏడాది చదివి వచ్చారు. వాళ్ళు దాటింది సముద్రం, నేను దాటింది వింధ్య. దూరంలో పోలికే లేదు. కానీ పద్నాలుగు, పదిహేనేళ్ళ వయసులో అమ్మా నాయనా లేకుండా, భాష రాని చోట, ఒక ఏడాది ఉండటం అన్నది రెండింట్లోనూ ఒకటే.

మా ఇంటి సంగతి

మాది బాగేపల్లి తాలూకాలో ఒక చిన్న ఊరు. నాయన వైపు తెలుగు. అమ్మ పుట్టిల్లు చిక్కబళ్ళాపురం దగ్గర, వాళ్ళది కన్నడ. ఇంట్లో అవ్వతో, నాయనతో తెలుగు. అమ్మతో కన్నడ. అమ్మ, అవ్వ మాట్లాడుకునేటప్పుడు ఒకరు ఒక భాషలో అడిగితే ఇంకొకరు ఇంకో భాషలో జవాబు చెప్తారు, ఇద్దరికీ అది విచిత్రంగా అనిపించదు. బడి మాత్రం పూర్తిగా కన్నడ. బాగేపల్లి, చింతామణి వైపు నుంచి వచ్చిన మీ అందరికీ ఇది కొత్తేం కాదు.

అంటే నాకు తెలుగు మాట వచ్చు, తెలుగు అక్షరం రాదు. అది లోటని ఎప్పుడూ అనిపించలేదు. మా అవ్వ కైవారం తాతయ్య తత్వాలు పాడుతుంది. చింతామణి తాలూకా కైవారంలో ఉండిన యోగి నారేయణ యతీంద్రులు తెలుగులోనూ కన్నడలోనూ తత్వాలు చెప్పారు కదా. మా ఇంట్లో ఉన్న భజన పుస్తకంలో ఆ తెలుగు తత్వాలు కన్నడ లిపిలోనే ఉన్నాయి. కాబట్టి తెలుగు రాయాలంటే కన్నడ అక్షరాల్లోనే రాస్తారు కాబోలు అనుకునేదాన్ని.

బెంగళూరులో కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మాతో ఇద్దరు టీచర్లు. రాత్రి హిందూపురంలో బండి ఆగింది. ప్లాట్‌ఫాం మీద ఎవరో మా నాయన మాదిరే "రేయ్, ఆ మూట ఈడ పెట్టురా" అని అరిచారు. ప్రాణం లేచొచ్చింది. స్టేషన్ బోర్డు చూశాను. న, మ, ర, ల లాంటివి కన్నడ అక్షరాల చుట్టాలే కాబట్టి పోల్చుకోగలను, మిగతావి తికమక. మాట పూర్తిగా అర్థమయ్యే చోట బోర్డు సగమే చదవగలిగాను. అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. రెండో రాత్రి ఝాన్సీలో దిగి, తెల్లారేదాకా స్టేషన్లో కూర్చుని, బస్సులో స్కూలుకు వెళ్ళాం.

పోయేది ఏమిటి

ఇల్లు గుర్తొచ్చి ఏడ్చే వాళ్ళను చూసి మనం తిండి పడలేదనో, చలి అనో, అమ్మ మీద బెంగ అనో అనుకుంటాం. అవన్నీ నిజమే. పొద్దున పోహా, మధ్యాహ్నం రొట్టె, రాత్రి రొట్టె. అన్నం కొంచెమే. ముద్ద, బస్సారు, చలికాలంలో అనపగింజల చారు లేని ఊరు కూడా ఉంటుందని నాకు అక్కడే తెలిసింది. కానీ వారం రోజులకు నాలుక సర్దుకుంది. సర్దుకోనిది వేరే.

కలెర్వో ఓబెర్గ్ అని ఒక మానవ శాస్త్రవేత్త ఉండేవాడు. ఫిన్లాండ్ నుంచి వలస వచ్చిన తల్లిదండ్రులకు కెనడాలో పుట్టాడు. అంటే ఆయనదీ మనలాంటి రెండు లోకాల ఇల్లే. ‘కల్చర్ షాక్’ అన్న మాట ఇంతగా వాడుకలోకి రావడానికి 1960లో ఆయన రాసిన వ్యాసం ఒక ముఖ్య కారణం. ఆయన చెప్పింది నా మాటల్లో ఇది: మనం పుట్టిన చోట రోజూ వందల చిన్న గుర్తులను పట్టుకుని నడుస్తాం. ఎవరికి ఎట్లా దండం పెట్టాలి, ఎప్పుడు నవ్వాలి, ఎదుటివాడు చెప్పేది నిజమా వేళాకోళమా, వద్దు అంటే నిజంగా వద్దనా మొహమాటమా. ఇవి మనకు తెలుసని కూడా మనకు తెలియదు. కొత్త చోట ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి. చేప నీళ్ళలోంచి బయట పడ్డట్టు అవుతుంది. అప్పుడు మనిషి మాటిమాటికీ చేతులు కడుక్కుంటాడు, తాగే నీటి మీద అనుమానపడతాడు, ఎటో చూస్తూ కూర్చుంటాడు, చిన్నదానికి కోపం తెచ్చుకుంటాడు, ఇంటికి పోవాలని తపిస్తాడు.

ఈ వ్యాసం సంగతి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆ స్కూల్లో మొదటి వారం నేను గ్లాసు మూడుసార్లు తొలిచి కానీ నీళ్ళు తాగలేదు.

నా దగ్గర్నుంచి పోయిన గుర్తులు ఇవి. పెద్దపిల్లల్ని ‘అక్క’ అనేదాన్ని, అక్కడ ‘దీదీ’ అనాలి. నేను ‘సర్’ అంటే పొగరుగా వినిపించేది, ‘సర్‌జీ’ అనాలి. బకెట్టు లైన్లో పెట్టి వెళ్తే మన వంతు ఉంటుందో పోతుందో తెలియదు. అన్నిటికన్నా పెద్దది, హిందీలో నేను వస్తున్నాను అనడానికి మగవాళ్ళకు ఒక మాట, ఆడవాళ్ళకు ఒక మాట. తెలుగులో ‘వస్తాను’, కన్నడలో ‘బర్తీని’ ఎవరైనా అనొచ్చు. నేను ‘ఆతీ హూఁ’ అనాల్సిన చోట ‘ఆతా హూఁ’ అనేదాన్ని. మొత్తం క్లాసు నన్ను ‘భయ్యా’ అని పిలవడం మొదలుపెట్టింది. లెక్కలు, సైన్సు ఇంగ్లీషులో కాబట్టి బతికాను. సోషల్ హిందీలో. మా జిల్లాలో సోషల్‌లో ఫస్టు వచ్చే పిల్ల అక్కడ పేజీ నంబరు కూడా వినపడక పక్కపిల్ల పుస్తకంలోకి చూసేది.

నాకు బాధ కలిగించింది ఇది. ఇంట్లో నేను గడుసుదాన్ని. ఒకరు ఒకటంటే నేను రెండనేదాన్ని. అక్కడ నా దగ్గర ‘హాఁ’, ‘నహీఁ’, ‘పానీ’ మాత్రమే మిగిలాయి. పద్నాలుగేళ్ళ పిల్లని, నాలుగేళ్ళ పిల్ల మాటలు. అందరూ నాకు నేర్పేవాళ్ళే, దిద్దేవాళ్ళే, జాలిపడేవాళ్ళే. నా దగ్గర వాళ్ళకు కావలసింది ఏమీ లేదు.

మొదట తేనె, తర్వాత చేదు?

పరాయి చోట మనసు ఎట్లా ఉంటుందో ఒక గీతలా గీసి చూపించిన వాళ్ళున్నారు. 1955లో నార్వేకు చెందిన స్వెర్రె లిస్‌గార్డ్ అనే ఆయన, అమెరికాకు చదువుకోవడానికి వెళ్ళొచ్చిన 200 మంది నార్వేవాళ్ళను అడిగి చూశాడు. ఆరు నెలల లోపు ఉన్నవాళ్ళు బాగానే ఉన్నామన్నారు. ఏడాదిన్నరకు మించి ఉన్నవాళ్ళు కూడా బాగానే ఉన్నామన్నారు. మధ్యలో ఉన్నవాళ్ళే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. దాన్నిబట్టి గీత మొదట పైన, తర్వాత లోయలోకి, మళ్ళీ పైకి అంటారు. ఇంగ్లీషు ‘యు’ అక్షరం మాదిరి.

నాకు మాత్రం మొదట్లో పైన ఉన్న రోజు ఒక్కటి కూడా లేదు. మొదటి రాత్రే అన్నిటికన్నా కష్టం. నాలో ఏదో లోపం ఉందేమో అనుకునేదాన్ని. లోపమేం లేదని తర్వాత చదివి తెలుసుకున్నాను. కొలీన్ వార్డ్, ఆమెతో పనిచేసినవాళ్ళు న్యూజిలాండ్‌కు చదువుకోవడానికి వచ్చిన జపాన్ విద్యార్థులను దిగిన రోజు నుంచి ఏడాది పొడవునా గమనించి 1998లో రాశారు. వాళ్ళలో దిగులు అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది మొదట్లోనే. తర్వాత తగ్గింది. విహారానికి వెళ్ళినవాడికి మొదటి రోజు తేనె కావచ్చు. ఉండిపోవడానికి వెళ్ళిన పిల్లకు మొదటి రోజే చేదు. కాబట్టి మూడో రోజు పెట్టె సర్దుకున్న మన చెల్లెలిది బలహీనత కాదు. మూడో రోజు అట్లాగే ఉంటుంది.

నా రేకు పెట్టె మూత లోపల పెన్సిల్‌తో రోజుకో గీత గీసేదాన్ని. నాలుగు నిలువు, ఒకటి అడ్డం. ఆదివారాల్లో హౌస్ మేడం ఫోన్ నుంచి ఇంటికి ఐదు నిమిషాలు. అవ్వ "ఎట్లుండావే, తింటివా?" అనేది. "తింటి" అనేదాన్ని. మిగతా నాలుగున్నర నిమిషాలు ఇద్దరం ఏడ్చేవాళ్ళం. ఫోన్ చేసిన రోజు రాత్రి అందరికన్నా ఆలస్యంగా నిద్రపోయేదాన్ని. అందుకని ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. ఉత్తరంలో ఏడుపు తగ్గుతుంది, సంగతులు ఎక్కువ ఉంటాయి.

పది రూపాయల నోటు

ఉత్తరం అవ్వకు. కాబట్టి తెలుగులో. అక్షరాలు కన్నడవి, ఎప్పటిలాగే. అమ్మ చదివి వినిపిస్తుంది.

నా పక్క మంచం అమ్మాయి అక్కడి పిల్లే. ఒకరోజు నా భుజం మీదుగా వంగి నా ఉత్తరాన్ని గట్టిగా చదవడం మొదలుపెట్టింది! నాకు గుండె ఆగినంత పనైంది. సంగతేమిటంటే, హిందీ రాష్ట్రాల నవోదయల్లో మూడో భాషగా, అక్కడికి మైగ్రేషన్ మీద వచ్చే పిల్లల భాషనే నేర్పుతారు. వాళ్ళు ఆరో తరగతి నుంచి కన్నడ నేర్చుకుంటున్నారు. అక్షరాలు ఆమెకు వచ్చు. కానీ చదువుతూ చదువుతూ ఆగింది. "మాకు ‘హేగిద్దీరి’ అని నేర్పారు. నువ్వేంటి ‘ఎట్లుండావు’ అని రాశావు? ఇది కన్నడ కాదే?"

కాదు అన్నాను. తెలుగు అన్నాను. మెస్సులో నీ నోట వచ్చిన ‘చాలు’ కూడా అదేనా అంది. అప్పుడు ఆలోచించాను. నిజమే, కన్నడలో ‘సాకు’ అనాలి. మాతో వచ్చిన కన్నడ పిల్లలంతా మొదట్లో ‘సాకు’ అనే అన్నారు. పళ్ళెం నిండిపోతున్న కంగారులో నా నోటికి వచ్చింది అవ్వ మాట. భయం వేసినప్పుడు మనలో ఏ భాష పైకి వస్తుందో అదే మన అడుగు భాష అని నాకు అప్పుడు అనిపించింది.

ఆమె ఊరుకోలేదు. "మరి తెలుగు అక్షరాలు ఎట్లా ఉంటాయి? రాసి చూపించు" అంది. రాదని చెప్పలేక తల దించుకున్నాను. ఆమె తన పెట్టెలోంచి పది రూపాయల నోటు తీసింది. నోటు వెనకాల పక్కన వరసగా 15 భాషల్లో దాని విలువ రాసి ఉంటుంది కదా. "ఇందులో నీది ఏది?" నాలుగో వరస కన్నడ, వెంటనే చూపించాను. తెలుగు కోసం వెతికి వెతికి కింది నుంచి రెండో వరస పట్టుకున్నాను. కూడబలుక్కుంటూ చదివాను: ప-ది-రూ-పా-య-లు. హిందూపురం బోర్డు గుర్తొచ్చింది. ఆ మాటను నోట్‌బుక్కులో పదిసార్లు రాశాను. నేను నేర్చుకున్న తొలి తెలుగు మాట అమ్మ కాదు, ఆవు కాదు. పది రూపాయలు.

"మరి నీది ఏది?" అని అడిగాను. హిందీ ముందు వైపే ఉంది, చూపిస్తుందనుకున్నాను. ఆమె నోటును అటూ ఇటూ తిప్పి, "నాది ఇందులో లేదు" అంది. వాళ్ళ ఇంట్లో మాట్లాడేది బుందేలీ. జనాభా లెక్కల్లో దాన్ని హిందీ కిందే కలిపేస్తారు. బడిలో బుందేలీ మాట్లాడితే పల్లెటూరిదానివి అని వెక్కిరిస్తారని, ఆరో తరగతిలో తను కూడా చాలా రోజులు నోరు తెరవలేదని చెప్పింది. నాకు హిందీ పిల్లగా కనిపించిన ఆమె కూడా మా మాదిరే గడప లోపల ఒక భాష, గడప బయట ఒక భాష మాట్లాడే పిల్ల.

ఆ రోజు నుంచి లెక్క మారింది. రాత్రి లైటు ఆపే ముందు ఆమె ఒక బుందేలీ మాట చెప్పాలి, నేను ఒక తెలుగు మాట చెప్పాలి. నా మాట తప్పు పలికితే నేను దిద్దేదాన్ని. అన్ని రోజుల తర్వాత ఇంకొకరిని దిద్దే అవకాశం నాకు వచ్చింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అప్పుడు నాకు వచ్చిన హిందీ పెద్దగా ఏం లేదు, తిండి మారలేదు, సోషల్ మార్కులు పెరగలేదు. కానీ ఒక వారం పోయాక పెట్టె తెరిస్తే గీతలు నలభై దగ్గర ఆగిపోయి ఉన్నాయి. గీయడం మరిచిపోయాను.

తిరిగి రావడం

ఏడాది చివర్లో ఇంకో పరీక్ష వచ్చింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు. అక్కడి పిల్లలు ముందే ఇళ్ళకు వెళ్ళిపోయారు. రైళ్ళు లేక మేం దక్షిణాది పిల్లలం హాస్టల్లో మిగిలిపోయాం. దేశమంతటా నవోదయల్లో అట్లా 3 వేల మందికి పైగా పిల్లలు చిక్కుకుపోయారు. మే నెలలో అనుమతులు తీసుకుని బస్సుల్లో ఇళ్ళకు చేర్చారు. ఆ ఖాళీ హాస్టల్లో నేను మొదటి రాత్రి ఏడ్చినట్టు ఏడవలేదు. అది అప్పటికి పరాయి చోటు కాదు.

మా బస్సు 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని వచ్చింది. సాగర్, నాగపూర్, ఆదిలాబాద్, హైదరాబాద్, కర్నూలు, అనంతపురం. ఆదిలాబాద్ దాటినప్పటి నుంచి కిటికీకి ముఖం ఆనించి బోర్డులు చదువుతూనే ఉన్నాను. నిర్మల్, కామారెడ్డి, గుత్తి, పెనుకొండ. రోడ్డు మీద మనుషులు లేరు, మూసిన అంగళ్ళ మీద పేర్లు మాత్రం ఉన్నాయి. ఒక్కో చోట బస్సు వేగానికి చివరి అక్షరం తప్పిపోయేది. ఆ రోడ్డు ఆంధ్రా దాటి కర్ణాటకలో అడుగుపెట్టగానే వచ్చే మొదటి పెద్ద ఊరు మా బాగేపల్లి. ఇన్నాళ్ళూ మా ఊరి పక్క నుంచి పోయే రోడ్డే ఆ బుందేల్‌ఖండ్ నుంచి వస్తోందని నాకు తెలియలేదు.

పద్నాలుగు రోజులు ఇంట్లోనే వేరే గదిలో ఉన్నాను. ఒక కాగితం మీద తెలుగు అక్షరాల్లో అవ్వకు ఉత్తరం రాసి తలుపు కింద నుంచి తోశాను. అవ్వకు ఏ అక్షరాలూ రావు. అమ్మకు తెలుగు లిపి రాదు. నాయనకూ రాదు. ఆ ఉత్తరం మా ఇంట్లో ఎవరూ చదవలేకపోయారు. తలుపు ఇవతల నుంచి నేనే చదివి వినిపించాల్సి వచ్చింది. అంతా విని అవ్వ, "ఏ అక్షరమైతే ఏమే, మాట నీదే కదా" అంది. అవ్వ మాట నిజమే. అయినా డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. ఎందుకని అప్పట్లో మేడం అడిగితే సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పాను.

మనం చేయగలిగింది

మన హాస్టల్‌కు ప్రతి ఏడాదీ కొత్త పిల్లలు వస్తారు. నా అనుభవాన్నిబట్టి నాలుగు మాటలు చెప్తాను.

ఒకటి. మొదటి వారం ఏడిస్తే ఆపకండి, ఎగతాళి చేయకండి. అది చదువు రానిదానికో, పిరికిదానికో గుర్తు కాదు. మొదటి వారమే అందరికన్నా కష్టం.

రెండు. "అలవాటైపోతుంది" అనకండి. ఏది ఎక్కడుందో చెప్పండి. బకెట్టు ఎక్కడ పెట్టాలి, వార్డెన్ మేడం ఎప్పుడు మంచి మూడ్‌లో ఉంటారు, మెస్సులో ఆపమనాలంటే ఏ మాట అనాలి. పోయినవి చిన్న గుర్తులు కాబట్టి, తిరిగి ఇవ్వాల్సింది కూడా చిన్న గుర్తులే.

మూడు. రోజుకు మూడుసార్లు ఇంటికి ఫోన్ చేస్తుంటే, ఒకసారి చేసి మిగతా సంగతులు కాగితం మీద రాయమనండి. ఏ అక్షరాల్లో రాసినా సరే.

నాలుగు. ఇదే ముఖ్యం. నేర్పడం ఒక్కటే చేయకండి, ఆమె దగ్గర నేర్చుకోండి. వాళ్ళ ఊళ్ళో దీన్ని ఏమంటారు అని అడగండి. ఒక వంట, ఒక పాట, ఒక తిట్టయినా సరే. మనిషికి కొత్త చోటు తనదైపోవడం అక్కడి మాటలు వచ్చిన రోజున కాదు, అక్కడ ఎవరికో తన మాట కావలసి వచ్చిన రోజున.

పెట్టె సర్దుకున్న చెల్లెలు వెళ్ళిపోలేదు. వాళ్ళ ఇంట్లో తమిళం. నిన్న రాత్రి నేను ఆమెను ‘చాలు’కు తమిళంలో ఏమంటారని అడిగాను. ‘పోదుం’ అట. మూడుసార్లు తప్పు పలికాను. మూడుసార్లూ దిద్దింది. నా రేకు పెట్టె ఇప్పుడు నా మంచం కిందే ఉంది. గీతలు చూడాలనుకున్న వాళ్ళు రావచ్చు.